ముందు అక్షరం కనబడనివ్వండి

2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేసింది. మన హాస్టల్లో దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మన లాప్‌టాప్‌లు దాదాపు అన్నీ కొత్తవే, విండోస్ 11తోనే వచ్చాయి. కానీ మా నస్రుల్లాబాద్ లాంటి చోట లెక్క వేరు. 2016 అక్టోబర్‌లో కామారెడ్డి జిల్లా ఏర్పడ్డప్పుడు బీర్కూర్ నుంచి విడిపోయి మండలమైన ఊరు మాది. చుట్టూ నిజాంసాగర్ కాలువ కింది వరి పొలాలు. ఊళ్ళో కంప్యూటర్లంటే జిరాక్స్ షాపులో ఒకటి, ఎరువుల దుకాణంలో ఒకటి, ఎవరింట్లోనో అన్న చదువుకునేటప్పుడు కొని ఇప్పుడు గుడ్డ కప్పి పెట్టినది ఇంకొకటి. వీటిలో చాలా వాటికి టీపీఎం 2.0 చిప్ ఉండదు, ప్రాసెసర్ కూడా విండోస్ 11 ఒప్పుకునే జాబితాలో ఉండదు. పేరు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ దాకా ఇస్తామన్నారు. ఆ తర్వాత రెండే దారులు. పాత ఇనుప సామాన్లవాడికి కిలో లెక్కన అమ్మేయడం, లేదంటే లినక్స్ వేయడం.

"లినక్స్ వేసేయ్" అని మనం చాలా తేలిగ్గా అనేస్తాం. పెన్‌డ్రైవ్, అరగంట టైమ్, అయిపోయె. నేను రాయాలనుకున్నది సరిగ్గా ఆ అరగంట గురించే. లినక్స్ మంచిదా, విండోస్ మంచిదా అన్న గొడవ కాదిది, దానికి క్యాంటీన్ ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేటప్పుడు తెర మీద కనబడే ఆ ఇన్‌స్టాలర్ ఎవరికి చదవడానికి వీలుగా ఉంది, ఎవరికి లేదు అన్నదే నా ప్రశ్న. అక్షరాల సైజు, తెర రిజల్యూషన్ మార్చుకునే వీలు ఇన్‌స్టాలర్ మొదటి తెర మీదే ఉండాలి, భాష అడగడానికి కూడా ముందే ఉండాలి. ఇదీ నా వాదన.

మిగతా సాఫ్ట్‌వేర్‌కీ ఇన్‌స్టాలర్‌కీ ఒక తేడా ఉంది. బ్రౌజర్‌లో అక్షరాలు చిన్నగా ఉంటే కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కుతాం. ఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్తాం. ఇన్‌స్టాలర్ దగ్గర సెట్టింగ్సే ఉండవు. ఇంకా ఆపరేటింగ్ సిస్టమే లేదు కదా, సెట్టింగ్స్ ఎక్కడుంటాయి? మనకు అనుకూలంగా దేన్నీ మార్చుకోలేని స్థితిలో మొట్టమొదట కూర్చునేది దాని ముందే. అదే సమయంలో మన కంప్యూటర్లో అత్యంత ప్రమాదకరమైన ప్రోగ్రామ్ కూడా అదే. "డిస్క్ మొత్తం చెరిపి వేయాలా, ఉన్నదాని పక్కన వేయాలా" అని అడిగేది అది. అక్కడ ఒక్క క్లిక్ అటూ ఇటూ అయితే పదేళ్ళ ఫొటోలు పోతాయి. అంత పెద్ద ప్రశ్న అడిగేవాడు గొణుగుతూ అడిగితే ఎలా ఉంటుందో, చదవలేని ఇన్‌స్టాలర్ అలా ఉంటుంది.

మొన్న సెలవులకు ఊరెళ్ళినప్పుడు జిరాక్స్ షాపు అన్న పిలిచాడు. (సెలవుల్లో మనమంతా ఊరికి జీతం లేని సర్వీస్ సెంటర్లమే, ఇది మీకూ తెలుసు.) పాత డెస్క్‌టాప్, 17 అంగుళాల చదరపు మానిటర్, దానికి ఎప్పుడో మార్చిన చౌక వీజీఏ వైరు. డీ డ్రైవ్‌లో కస్టమర్ల పాస్‌పోర్ట్ ఫొటోలు, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, తొమ్మిదేళ్ళవి. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే తెర 800×600లో వచ్చింది. భాష, కీబోర్డు దాకా బాగానే నడిచింది. డిస్క్ గురించి అడిగే పేజీ రాగానే ఆ కిటికీ తెరకన్నా పెద్దదైపోయింది. పైన రెండు ఆప్షన్లు కనబడుతున్నాయి. వాటి కింద ఏదో హెచ్చరిక సగం వరుస దాకా కనబడుతోంది. "తర్వాత", "వెనక్కి" అనే బటన్లు తెర కింద ఎక్కడో పాతాళంలో ఉన్నాయి. స్క్రోల్ లేదు. ఎంటర్ కొడితే ఏ బటన్ నొక్కినట్టవుతుందో తెలియదు. షాపు అన్న వాళ్ళ నాన్న, మేమంతా కాకా అంటాం, పక్కనే స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. "కొట్టు బిడ్డా, ఏమైతది" అన్నాడు. ఏమవుతుందో తెలియకే కదా ఆగింది! ఆల్ట్ కీ పట్టుకుని మౌస్‌తో కిటికీని పైకి లాగితే అడుగు భాగం బయటపడుతుందని నాకు తెలుసు కాబట్టి లాగాను. అప్పుడు కనబడ్డ వరుసలో ఉన్నది, డిస్క్‌లోని అన్ని విభాగాల్లో ఫైళ్ళు పోతాయని. అది ముందే టిక్ పెట్టి ఉన్న ఆప్షన్ తాలూకు హెచ్చరిక. ఆపేసి, డీ డ్రైవ్ మొత్తం ముందు బయట కాపీ చేసుకుని, సాయంత్రం మళ్ళీ కూర్చున్నాం. ఏమీ పోలేదు.

అదే టేబుల్ మీద ఇంకో కథ నడిచింది. హైదరాబాద్‌లో చదివే వాళ్ళ అమ్మాయి కొత్త లాప్‌టాప్ తెచ్చింది. 14 అంగుళాల తెర, 2880×1800. అదే పెన్‌డ్రైవ్ దానికి పెట్టమంది. ఇక్కడ కిటికీ తెరలో ఓ మూలకు అగ్గిపెట్టంత వచ్చింది. కాకా కళ్ళద్దాలు పైకీ కిందికీ జరిపి చూసి, "ఏందిది, చీమలు బారు కట్టినట్టున్నయ్" అన్నాడు. కాకాకే కాదు, నాకూ ముక్కు తెరకు ఆనించితే తప్ప కనబడలేదు. నా కళ్ళకు ఇంకా అద్దాలు రాలేదు మరి.

ఒకచోట మరీ పెద్దది, ఒకచోట మరీ చిన్నది. రెండూ ఒకే జబ్బు. ఇన్‌స్టాలర్ అక్షరాన్ని పిక్సెళ్ళలో కొలుస్తుంది, కన్ను మిల్లీమీటర్లలో కొలుస్తుంది. లెక్క వేసి చూడండి. 1280×1024 ఉన్న 17 అంగుళాల మానిటర్‌కి అంగుళానికి దాదాపు 96 పిక్సెళ్ళు. 16 పిక్సెళ్ళ ఎత్తున్న అక్షరం అక్కడ 4.2 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ 2880×1800 లాప్‌టాప్‌కి అంగుళానికి దాదాపు 243. అదే 16 పిక్సెళ్ళు అక్కడ 1.7 మిల్లీమీటర్లు. అందులోనూ తెలుగు అక్షరమైతే పైన గుడి, కింద వత్తు కూడా ఆ ఎత్తులోనే ఇమడాలి, అసలు అక్షరానికి దక్కేది సగమే.

మరి పాత మానిటర్‌లో 1280×1024 ఎందుకు రాలేదు? మానిటర్ తన వివరాలను ఈడీఐడీ అనే 128 బైట్ల చిట్టీలో రాసుకుని ఉంటుంది. నేను ఫలానా, నాకు ఈ రిజల్యూషన్లు వచ్చు అని. ఆ చిట్టీ వీజీఏ వైరులోని ఒక జత తీగల మీదుగా కంప్యూటర్‌కి చేరాలి. చౌక వైర్లలో, స్ప్లిటర్లలో ఆ తీగలు ఒక్కోసారి ఉండనే ఉండవు. చిట్టీ అందకపోతే కంప్యూటర్ ఎందుకైనా మంచిదని చిన్న రిజల్యూషన్‌తో సరిపెట్టుకుంటుంది. ఆ ఇన్‌స్టాలర్ తయారుచేసినవాళ్ళ టేబుల్ మీద ఇలాంటి వైరు ఉండి ఉండదు. బాన్సువాడలో, బోధన్‌లో, బీర్కూర్‌లో కొనే వైర్లు ఇలాంటివే.

ఇక తెలుగు సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన క్లబ్ పేరులోనే తెలుగు ఉంది.

పాతకాలం ఇన్‌స్టాలర్లు, ఇప్పటి కొన్ని కూడా, టెక్స్ట్ మోడ్‌లో నడుస్తాయి. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏలో టెక్స్ట్ మోడ్ అంటే 80 నిలువు గళ్ళు, 25 వరుసలు. ఒక్కో గడిలో ఒక్కో గుర్తు. ఒకేసారి 256 గుర్తులే ఉంటాయి, మహా అయితే 512. ఇంగ్లిష్‌కి ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇప్పుడు "రాష్ట్రం" అన్న మాటను ఆ గళ్ళలో పెట్టి చూడండి. ష కింద ట, దాని పక్కన ర. "స్త్రీ" సంగతి చెప్పనే అక్కర్లేదు. మన అక్షరం గళ్ళ నోట్‌బుక్‌లో కూర్చునే రకం కాదు, పైకీ కిందికీ పక్కకీ కాళ్ళు చాపుతుంది. అందుకే డెబియన్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఉన్నా, అది గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో మాత్రమే కనబడుతుంది. టెక్స్ట్ ఇన్‌స్టాలర్ భాషల జాబితాలో తెలుగు ఉండదు. ర్యామ్ మరీ తక్కువున్న మెషీన్ అయితే డెబియన్ లోమెమ్ అనే పద్ధతిలోకి పోతుంది, అక్కడ అనువాదాలన్నీ పక్కకి పోయి ఇంగ్లిష్ మిగులుతుంది. సాంకేతికంగా వాళ్ళను తప్పుపట్టలేం. కానీ ఫలితం చూడండి. కంప్యూటర్ ఎంత పాతదైతే, దాని యజమాని ఎంత పేదవాడైతే, తెలుగు అంత తొందరగా మాయమవుతుంది. తెర, మెమరీ, భాష, ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. రిజల్యూషన్ అనేది గ్రాఫిక్స్ వాళ్ళ గొడవ, భాష అనేది మన గొడవ అనుకోవడానికి వీల్లేదు.

విండోస్ సంగతైతే ఇంకా తేలిక. అక్కడ తెలుగు అనేది ఎక్కించాక వేసుకునే ప్యాక్. ఎక్కించేటప్పటి ప్రశ్నలు ఇంగ్లిష్‌లో ఎదుర్కోవాలి.

గ్రాఫికల్‌లో తెలుగు వచ్చినా కథ అయిపోదు. ఇంగ్లిష్ మాటకు సరిపడా ఎత్తుతో బటన్ గీసి, అందులో తెలుగు మాట పోస్తారు. కింది భాగం తెగిపోతుంది. ఏది తెగుతుంది? వత్తు! "రద్దు" కాస్తా "రదు" అవుతుంది. "వద్దు" "వదు" అవుతుంది. "తర్వాత" "తరాత" అవుతుంది. నవ్వొస్తుంది గానీ, డిస్క్ చెరిపే పేజీలో ఇది నవ్వులాట కాదు. ద కీ ధ కీ, ప కీ ఫ కీ మధ్య తేడా కింద చిన్న గీత. అక్షరం మసకబారితే మొట్టమొదట పోయేది ఆ గీతే. మా ఊరి పేరు చూస్తేనే తెలుస్తుంది, మా దగ్గర ఉర్దూ చదివేవాళ్ళూ చాలామందే. నస్తలీఖ్ రాత ఏటవాలుగా పైనుంచి కిందికి జారుతూ వస్తుంది, దానికి తెలుగుకన్నా ఎక్కువ ఎత్తు కావాలి. వాళ్ళ కష్టం మనకన్నా ఒక మెట్టు ఎక్కువే.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. రిజల్యూషన్ తగ్గిస్తే అక్షరం పెద్దదవుతుంది, నిజమే. పాత సీఆర్‌టీ గాజు మానిటర్లలో అది చక్కగా పనిచేసేది. ఎల్‌సీడీ తెరకు పుట్టుకతో వచ్చిన పిక్సెళ్ళ లెక్క ఒకటే ఉంటుంది. దానికన్నా తక్కువలో నడిపితే అక్షరం సాగదీసిన రబ్బరులాగా మసకేస్తుంది. ఇంగ్లిష్ ఎలాగో నెట్టుకొస్తుంది, వత్తులు నెట్టుకురాలేవు. కాబట్టి అసలు మందు స్కేలింగ్, అంటే అదే రిజల్యూషన్‌లో ఉంచి అక్షరాన్ని ఎక్కువ పిక్సెళ్ళతో గీయడం. రిజల్యూషన్ మార్చుకునే వీలు కూడా కావాలి, పాత మానిటర్ తప్పు రిజల్యూషన్‌లో ఇరుక్కుపోయినప్పుడు అదొక్కటే దారి. రెండూ కావాలి, రెండూ యూజర్ చేతిలో ఉండాలి.

ఇదంతా ఎవరికీ తోచలేదని కాదు. తోచింది, చేశారు కూడా. చేసి ఎక్కడ పెట్టారన్నదే నా బాధ. ఫెడోరా, రెడ్‌హ్యాట్ వాడే అనకొండా ఇన్‌స్టాలర్‌కి రిజల్యూషన్ చెప్పే బూట్ ఆప్షన్ ఉంది, 1024×768 అని మనం రాసివ్వొచ్చు. ఎక్కడ రాయాలి? బూట్ మెనూలో ఈ అనే కీ నొక్కి, కెర్నెల్ వరుస వెతికి, దాని చివరన ఇంగ్లిష్‌లో టైపు చేయాలి. అంటే, చిన్న అక్షరాలు కనబడక పెద్దవి చేసుకోవాలంటే, ముందు ఆ చిన్న అక్షరాలు చదవగలగాలి! పాత బయాస్ మెషీన్లలో డెబియన్‌కి వీజీఏ ఈక్వల్స్ 788 అని ఇస్తే 800×600 వస్తుంది. 788కీ 800×600కీ ఏం చుట్టరికమో మనలో ఎంతమందికి తెలుసు? ఆర్చ్ లినక్స్ వాళ్ళ ఇన్‌స్టాలేషన్ గైడ్‌లో పెద్ద తెరలకి సెట్‌ఫాంట్ కమాండ్‌తో టెర్మినస్ పెద్ద ఫాంట్ వేసుకోమని రాసి ఉంటుంది. కెర్నెల్‌లోకే 16×32 టెర్మినస్ ఫాంట్ 2019లో 5.0 వెర్షన్‌తో వచ్చింది. దశాబ్దాల పాటు 8×16తో బతికిన కన్సోల్‌కి అది నిజంగా మంచి రోజు.

డెబియన్‌ని ఇంకొంచెం మెచ్చుకోవాలి. బూట్ మెనూ దగ్గర ఎస్ నొక్కి ఎంటర్ కొడితే ఇన్‌స్టాలర్ మాట్లాడుతుంది. చూపు అసలు లేనివాళ్ళు ఎవరి సాయం లేకుండా మొత్తం ఎక్కించుకోవచ్చు. బ్రెయిలీ డిస్‌ప్లే పెడితే గుర్తుపడుతుంది. చీకటి బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాల థీమ్ ఉంది. అంతేకాదు, గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో కంట్రోల్ ప్లస్, కంట్రోల్ మైనస్ కొడితే అక్షరం పెరుగుతుంది, తగ్గుతుంది. నేను అడుగుతున్నది దాదాపు ఇదే! ఆ సంగతి మాన్యువల్‌లో చిన్న పేరాలో ఉంది. మాన్యువల్ చదివి ఇన్‌స్టాల్ చేసే మనిషిని మీరెప్పుడైనా చూశారా? తాళం ఉంది, తాళంచెవీ ఉంది, చెవి ఎక్కడుందో రాసిన చీటీ తలుపు లోపల ఉంది.

సరిగ్గా చేసిన వాళ్ళూ ఉన్నారు. ఆండ్రాయిడ్ ఫోన్ కొత్తగా ఆన్ చేయగానే వచ్చే మొదటి తెర మీదే చూపుకి సంబంధించిన సెట్టింగ్స్ ఉంటాయి. అక్షరాల సైజు అక్కడే పెంచుకోవచ్చు, ఆ తర్వాతే వైఫై, అకౌంట్ గోల. ఉబుంటు 24.04లో వచ్చిన కొత్త ఇన్‌స్టాలర్‌లో భాష ఎంచుకున్న వెంటనే యాక్సెసిబిలిటీ పేజీ పెట్టారు. పెద్ద అక్షరాలు, ఎక్కువ కాంట్రాస్ట్, స్క్రీన్ రీడర్, జూమ్, అన్నీ అక్కడే. కాబట్టి చేయలేని పని కాదిది. వెబ్‌పేజీల ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ, అక్షరాన్ని 200 శాతానికి పెంచినా పేజీ పనిచేయాలని 2008 నుంచే చెబుతోంది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్, రోజూ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరికీ పనికొచ్చే డిజైన్‌లో దొరికేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలంటుంది. వెబ్‌పేజీకి ఉన్న నియమం హార్డ్ డిస్క్‌ని తుడిచేసే ప్రోగ్రామ్‌కి ఎందుకు ఉండకూడదు?

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు, మన డిపార్ట్‌మెంట్‌లోనే విన్నాను. "ఇన్‌స్టాల్ చేసేది ఒక్కసారి కదా, దానికింత రాద్ధాంతమా" అని మొదటిది. తాళి కట్టేదీ ఒక్కసారే, ముహూర్తం చూడకుండా కట్టమనండి చూద్దాం. ఎన్నిసార్లు అన్నది కాదు, తప్పితే వెనక్కి తీసుకోగలమా అన్నది కొలత.

"తెలిసినవాళ్ళు ఎవరో వేసిపెడతారు కదా" అని రెండోది. ఇది వినడానికి సబబుగా ఉంటుంది గానీ నాకు ఇదే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఆ తెలిసినవాళ్ళం మనమే. పాస్‌వర్డ్ మనమే పెడతాం, డిస్క్ ఏం చేయాలో మనమే నిర్ణయిస్తాం, దేనికి ఒప్పుకున్నామో యజమానికి చదివి వినిపించే ఓపిక మనకుండదు. తన కంప్యూటర్లో ఏం జరుగుతోందో తన కళ్ళతో చదివి సరే అనే హక్కు కాకాకి ఉందా లేదా? ఇంకో మాట. మన క్లాసులోనే లావు అద్దాలతో మొదటి బెంచీలో కూర్చునేవాళ్ళు ఉంటారు. కంప్యూటర్ సైన్స్ చదువుతూ తన మెషీన్‌లో తన ఓఎస్ తాను వేసుకోవడానికి పక్కవాణ్ణి పిలవాల్సి రావడం ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆలోచించండి. చూపు పూర్తిగా లేనివాళ్ళకి మాట ఉంది, చూపు బాగున్నవాళ్ళకి తెర ఉంది. మధ్యలో ఉన్నవాళ్ళు, అంటే అక్షరం కొంచెం పెద్దగా ఉంటే చాలనేవాళ్ళు, ఎవరి లెక్కలోకీ రారు. నలభై దాటిన మన అమ్మానాన్నల్లో చాలామంది ఆ మధ్యలోనే ఉన్నారు.

మూడోది టెక్నికల్ జవాబు, దీనికి గౌరవం ఇవ్వాలి. "ఆ దశలో గ్రాఫిక్స్ డ్రైవర్ ఉండకపోవచ్చు, ఫర్మ్‌వేర్ ఇచ్చిన ఫ్రేమ్‌బఫర్‌తోనే బతకాలి, రిజల్యూషన్ మార్చడం కుదరదు" అంటారు. నిజమే, యూఈఎఫ్ఐ బూట్ సేవలు ముగిశాక ఫర్మ్‌వేర్‌తో మోడ్ మార్పించలేం. కానీ దానికి ముందు, గ్రబ్ నడుస్తున్నప్పుడు మార్చొచ్చు. గ్రబ్‌లో దానికి జీఎఫ్ఎక్స్‌మోడ్ అనే వేరియబుల్ ఉండనే ఉంది. గ్రబ్‌కి పెద్ద ఫాంట్ తయారు చేసే టూల్ కూడా దానితోపాటే వస్తుంది. ఇక స్కేలింగ్‌కి డ్రైవరే అక్కర్లేదు. 16 పిక్సెళ్ళ బదులు 32 పిక్సెళ్ళతో అక్షరం గీయడం సాఫ్ట్‌వేర్ పని, ఏ ఫ్రేమ్‌బఫర్ మీదైనా జరుగుతుంది.

నా ఊహలో మంచి ఇన్‌స్టాలర్ ఇలా మొదలవుతుంది. తెర మీద ఒకే వాక్యం మూడు సైజుల్లో. పక్కన 1, 2, 3. మీకు హాయిగా కనబడే దాని అంకె నొక్కండి. ఏ భాషా తెలియకపోయినా అంకెలు అందరికీ వచ్చు. నొక్కాక తెర మారుతుంది, పదిహేను సెకన్లలో సరే అనకపోతే పాత స్థితికి తిరిగొస్తుంది, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఎప్పటినుంచో చేస్తున్నట్టే. ఆ తర్వాత ప్రతి పేజీలోనూ ఓ మూలన ప్లస్, మైనస్ కనబడుతూ ఉంటాయి. కిటికీ తెరకన్నా పెద్దదైతే మధ్య భాగం స్క్రోల్ అవుతుంది, బటన్లు మాత్రం తెర దాటి పోవు. డిస్క్ చెరిపే హెచ్చరిక పూర్తిగా తెర మీద కనబడితే తప్ప "తర్వాత" బటన్ పనిచేయదు. ఈ చివరిదొక్కటి చేసినా సగం ప్రమాదాలు తప్పుతాయని నా నమ్మకం.

సైజు బాగుండి మాట అర్థం కాకపోతే? అది కూడా చదవలేకపోవడమే. ఊళ్ళో ఎవరూ "సంస్థాపన" అనరు. "విండోస్ కొట్టించినం", "లినక్స్ వేసినం" అంటారు, "ఎక్కించినం" అంటారు. "ఎంచుకొనిన విభజనయందలి దత్తాంశము తొలగించబడును" అని రాస్తే ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా కాకాకి అది శాసనమే. "ఈ డిస్క్‌లో ఉన్న ఫైళ్ళన్నీ పోతాయి, మళ్ళీ రావు" అని రాస్తే చాలు. పైగా ఇది పొట్టిది, బటన్ల పక్కన ఇమిడిపోతుంది. పొడుగు సమాసాలు తెరను కూడా పాడుచేస్తాయని అనువాదకులు మర్చిపోతుంటారు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ వాళ్ళు డెబియన్ ఆధారంగా తెలుగు ఓఎస్ తయారు చేశారు, బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ తెచ్చారు. దానికి పనిచేసిన వాళ్ళలో మనలాంటి ఇంజనీరింగ్ స్టూడెంట్లు చాలామంది ఉన్నారు. సీడాక్ వాళ్ళ బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. ఈ అనువాదాలు చేసింది ఎవరో కంపెనీ కాదు, సాయంత్రాలు కూర్చుని ఒక్కో వాక్యం పట్టుకున్న మనుషులు. తప్పు కనబడితే దిద్దే తలుపు కూడా తెరిచే ఉంటుంది.

మన క్లబ్‌లో ఏడాదికి రెండు కవితల పోటీలు పెడతాం, బాగానే ఉంటాయి. ఒక శనివారం సాయంత్రం మాత్రం దీనికి కేటాయిద్దామని నా ప్రతిపాదన. వర్చువల్‌బాక్స్‌లో నాలుగు రకాల ఇన్‌స్టాలర్లు పెడదాం. ఒకసారి 800×600లో, ఒకసారి 3840×2160లో, తెలుగు ఎంచుకుని చివరిదాకా నడుపుదాం. ఎక్కడ వత్తు తెగింది, ఎక్కడ బటన్ తెర దాటింది, ఏ హెచ్చరిక అర్థం కాలేదు, స్క్రీన్‌షాట్ తీసి బగ్ రాద్దాం. వర్చువల్ మెషీన్‌లో తేలని సంగతులు కొన్ని ఉంటాయి, వాటికి నిజమైన వైరు కావాలి. ల్యాబ్‌లో బీరువా వెనక రెండు చదరపు మానిటర్లు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. వాటిని ఒక సాయంత్రానికి ఇమ్మని ల్యాబ్ ఇన్‌చార్జ్ సర్‌ని అడిగాను. చూద్దాం అన్నారు. చౌక వీజీఏ వైరు మాత్రం నేను ఊరి నుంచి తెస్తాను.